ఇంటి భీమా: తిరిగి కట్టుటకగు ఖర్చు

ఇంటికి భీమా చేయించిన రైతును "ఎంతకు చేయించితిరి?" అని యడిగినచో వచ్చు ప్రత్యుత్తరము సామాన్యముగా నాలుగు విధములలో నొకటిగా నుండును. ఒకరు ఇల్లు కొన్ననాడు క్రయదస్తావేజులో వ్రాసిన మొత్తము చెప్పుదురు. ఒకరు తమ తండ్రిగారు కట్టించిననాటి ఖర్చు చెప్పుదురు. ఒకరు స్థలముతో సహా నేడు అమ్మినచో వచ్చు ధర చెప్పుదురు. బ్యాంకులో అప్పు తెచ్చి కట్టినవారు ఆ యప్పు మొత్తమునే చెప్పుదురు. ఈ నాలుగింటిలో నేదియు భీమాపత్రమున వ్రాయదగిన మొత్తము కాదు. ఇల్లు కాలినను, గాలికి కూలినను, వఱదలో గోడలు నాని పడిపోయినను యజమానునకు కావలసిన దొక్కటియే: అట్టి యింటినే, ఆ స్థలములోనే, నేటి కూలిరేట్లకు, నేటి యిటుక సిమెంటు ఇనుముల ధరలకు తిరిగి కట్టుటకు చాలినంత పైకము. దీనిని పునర్నిర్మాణపు ఖర్చు అందురు. భీమా కంపెనీవారు రీఇన్‌స్టేట్‌మెంటు వేల్యూ అని వ్యవహరించునది యిదియే. ఈ విషయమును సభ్యులు చక్కగా గ్రహింపవలెనని యీ నెల కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఇది పట్టణవాసుల విషయమని కొందఱు తలంతురు. మన ప్రాంతముల చరిత్ర యట్లు చెప్పదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచివేసినది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలును ముంచినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాను తాకినవి. 2024 సెప్టెంబరు ప్రారంభమున బుడమేరు విజయవాడలోను, మున్నేరు ఖమ్మములోను ఇండ్లలోనికి వచ్చినవి. ఇట్టి విపత్తులలో ప్రభుత్వ సహాయము తప్పక వచ్చునని కొందఱి నమ్మకము. సహాయము వచ్చుట నిజమే. కాని యది సహాయమే గాని నష్టపూర్తి కాదు. 2022–23 మొదలు 2025–26 వఱకు వర్తించునట్లు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణములలో, మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన యింటికి 1,20,000 రూపాయలు మాత్రమే చూపబడినవి. ఈ పైకముతో రెండు గదుల డాబాకు పునాది దాటి ఎంతవఱకు పోవచ్చునో ఇల్లు కట్టిన ప్రతివానికిని తెలియును.

ఇక భీమా సంగతి. ఇంటి నష్టమును లెక్కకట్టుటకు రెండు పద్ధతులు కలవు. ఒకటి, కూలిన నాటికి ఆ పాత యింటికి గల విలువ నిచ్చుట. అనగా కొత్తగా కట్టుటకగు ఖర్చులోనుండి ఇల్లు వాడిన యేండ్లకు తఱుగు తీసివేసి, మిగిలినది యిత్తురు. దీనిని మార్కెటు విలువ పద్ధతి యందురు. ఈ పేరును బట్టి అమ్మకపు ధర యని భ్రమపడరాదు. స్థలమునకును దీనికిని సంబంధము లేదు. రెండవది, తఱుగు తీయకుండ కొత్తగా కట్టుటకగు ఖర్చు నిచ్చుట.

ఒక యింటిని తీసికొని లెక్క చూతము. ఒక సభ్యునకు వేయి చదరపుటడుగుల స్లాబు గల డాబా యున్నది. కట్టి ఇరువది యేండ్లయినది. నేడు అట్టిది కట్టుటకు మేస్త్రి, సామాను, కరెంటు, కుళాయిలు, రంగు అన్నియు కలిపి చదరపుటడుగునకు 1,800 రూపాయలగు ననుకొందము. మొత్తము 18 లక్షలు. ఏటికి నూటికి 2 చొప్పున తఱుగు తీసినచో ఇరువది యేండ్లకు నూటికి 40, అనగా 7 లక్షల 20 వేలు పోవును. ఇల్లంతయు నేలమట్టమైనచో మొదటి పద్ధతిని 10 లక్షల 80 వేలు మాత్రమే చేతికి వచ్చును. రెండవ పద్ధతిని 18 లక్షలు వచ్చును. ఇల్లంతయు పోనక్కఱలేదు. కప్పు మాత్రము పోయి దానిని వేయించుటకు 4 లక్షలైనచో, మొదటి పద్ధతిని 2 లక్షల 40 వేలే యిత్తురు. తక్కిన లక్షా అఱువది వేలు రైతు ఎక్కడనుండి తేవలెను? మేస్త్రి యేమో పాతకప్పు కట్టినవాడు కాడు. అతడు కొత్త కూలి యడుగును. (ఈ యంకెలు ఉదాహరణకు వేసినవి. రేటు ఊరూరికి మాఱును. తఱుగును ఇంటి నిర్మాణమును బట్టి, దాని స్థితిని బట్టి కట్టుదురు.)

మొదటి పద్ధతి అన్యాయమని మేము చెప్పుట లేదు. నష్టపోయినవానిని నష్టమునకు పూర్వపు స్థితికి తెచ్చుటయే గాని, అంతకంటె లాభపఱచుట భీమా ధర్మము కాదనుట ప్రాచీన న్యాయము. పాతయిల్లు పోయినవానికి కొత్తయిల్లు ఇచ్చినచో, కొందఱు దుర్బుద్ధులు ఇంటికి తామే నిప్పు పెట్టుకొందురని కంపెనీల భయము. కాని వ్యవహారములో చూడగా పాతయిల్లు బజారులో దొరకదు. పాత యెద్దు పోయిన సంతలో మఱియొక పాత యెద్దును కొనవచ్చును. ఇరువది యేండ్ల గోడను కొనుట యెట్లు? ఇంటి విషయమున రెండవ పద్ధతియే తగినదని మా యభిప్రాయము.

రెండవ పద్ధతికి కొన్ని షరతులుండును. వెనుకటి అగ్నిభీమా పాలిసీలలో చేర్చు పునర్నిర్మాణపు క్లాజులో ముఖ్యమైనవి రెండు. ఇంటిని నిజముగా తిరిగి కట్టవలెను. కట్టుట నష్టము జరిగిన 12 నెలలలో పూర్తి కావలెను. కట్టుటకు ఖర్చు పెట్టువఱకు తఱుగు పోగా మిగిలిన విలువకు మించి చెల్లింపరు. పైకము పుచ్చుకొని ఇల్లు కట్టక పొలము కొందు నన్నచో పూర్తి మొత్తము రాదన్నమాట. రైతునకు ఇచ్చట చిక్కు కలదు: ముందు ఖర్చు పెట్టినగాని పైకము రాదు, పైకము వచ్చినగాని ఖర్చు పెట్టలేడు. కావున వచ్చిన తొలిమొత్తముతో పని మొదలిడి, ప్రతి సామానుకు బిల్లు, ప్రతి కూలికి రసీదు వ్రాయించి దాచవలెను. మన గ్రామములలో మేస్త్రికి నోటిమాటపై డబ్బిచ్చుట వాడుక. ఈ యొక్క పనిలో నా వాడుక మానుట మేలు.

మార్కెటు విలువకంటె సభ్యులను ఎక్కువగా ముంచునది యావరేజి షరతు. పేరు వినుటకు సాధువుగ నుండును. దాని పని కఠినము. ఇంటి పూర్తి విలువ 18 లక్షలుండగా ప్రీమియము తగ్గునని 9 లక్షలకే భీమా చేయించితి రనుకొందము. కప్పు పోయి 4 లక్షల నష్టము వచ్చినది. "9 లక్షల పాలిసీ యున్నది గదా, నష్టము 4 లక్షలే గదా, అంతయు వచ్చును" అని తలంతుము. కంపెనీవారు అట్లు లెక్కింపరు. మీరు సగమునకే భీమా చేసితిరి గాన, మిగిలిన సగమునకు మీరే భీమాదారు లందురు. 2 లక్షలిచ్చి తక్కిన 2 లక్షలు మీ నెత్తిన పెట్టుదురు. సహకార సంఘముల కార్యదర్శులు ఈ షరతును ప్రత్యేకముగా గమనింపవలెను. సంఘపు గోదాము, ఎరువుల దుకాణము గృహములు కావు. ఆస్తి విలువ 5 కోట్ల లోపలనున్న చిన్న వ్యాపారస్థలములకు ఏర్పడిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలిసీలో, భీమా మొత్తము నూటికి 15 వఱకు తక్కువైనచో మన్నింతురు. అంతకు మించిన కొఱతను మన్నింపరు. పదేండ్ల క్రిందటి మొత్తమునే యేటేట రెన్యూ చేయించు సంఘములు ఈ మాట ఆలోచింపవలెను.

గృహముల విషయములో 2021 ఏప్రిల్ 1వ తేదీ నుండి గొప్ప మార్పు వచ్చినది. హైదరాబాదులో ప్రధాన కార్యాలయము గల భీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ., అగ్నిభీమా వ్యాపారము చేయు జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలన్నియు భారత్ గృహ రక్షా అను ఒకే నమూనా పాలిసీని విధిగా అమ్మవలెనని యుత్తరు విచ్చినది. ఏ కంపెనీలో తీసికొన్నను ముఖ్య షరతులు సమానములే. ప్రీమియము మాత్రము కంపెనీ కంపెనీకి వేఱుగా నుండవచ్చును. అగ్ని, పిడుగు, తుపాను, వఱద, భూకంపము, కొండచరియలు విఱిగిపడుట, అల్లర్లు, వాహనాదులు వచ్చి తగులుట, నీటి తొట్టి పగులుట మొదలైన వాటివలన కలుగు నష్టమునకు ఇది వర్తించును. పై యుపద్రవములలో నేదైన జరిగిన 7 దినములలోపల, దాని ననుసరించి జరిగిన దొంగతనమును దీనిలో చేర్చిరి. ఈ పాలిసీలో ఇంటికి భీమా మొత్తము పునర్నిర్మాణపు ఖర్చు ననుసరించియే నిర్ణయింపబడును. యావరేజి షరతు దీనికి లేదు. శిథిలములు తొలగించుటకు క్లెయిము మొత్తములో నూటికి 2 వఱకు, ఇంజనీరు మొదలగువారి రుసుమునకు నూటికి 5 వఱకు ఇత్తురు. కంపెనీలు వేఱు పేర్లతో అమ్ము గృహభీమాలును కలవు. అట్టివి తీసికొనునపుడు పైన చెప్పిన రెండు పద్ధతులలో నేది వ్రాసియున్నదో చూచి మఱి సంతకము చేయవలెను.

యావరేజి లేదని నిశ్చింతగా నుండరాదు. భీమా మొత్తమునకు మించి యెవ్వరును ఇయ్యరు. ఇల్లు మొత్తము పోయిన దినమున తక్కువ వ్రాయించినవానికి తక్కువే వచ్చును. ఇచ్చటనే యొక సూక్ష్మము కలదు. ఏజెంట్లు దీనిని సామాన్యముగా వివరింపరు.

ఈ పాలిసీలో ఇంటి ఖర్చును కార్పెటు వైశాల్యముతో, మనము ప్రకటించి కంపెనీ యంగీకరించిన నిర్మాణపు రేటును గుణించి కట్టుదురు. కార్పెటు వైశాల్యమనగా బయటి గోడల మందము విడిచి, లోపల వాడుకొనుటకు వచ్చు నేల. గదుల నడుమ అడ్డుగోడల స్థలము దీనిలో చేరును. వసారా, బాల్కనీ మొదలైన వాటి నేలలో నాలుగవ వంతు మాత్రమే లెక్కకు వచ్చును. మన మేస్త్రులు రేటు చెప్పునది స్లాబు కొలతపై. మొదటి యుదాహరణలోని యింటికి స్లాబు వేయి చదరపుటడుగులు. గోడలును వసారాయును పోగా కార్పెటు లెక్క 800 చదరపుటడుగులకు వచ్చిన దనుకొందము. మేస్త్రి చెప్పిన 1,800 రేటునే దరఖాస్తులో వ్రాసినచో 14 లక్షల 40 వేలే యగును. 3 లక్షల 60 వేలు తెలియకయే జాఱిపోయినవి. సరియైన మార్గమేమనగా, ముందు ఇల్లు మొత్తము కట్టుటకగు 18 లక్షలను తేల్చుకొని, దానిని 800 చే భాగింపవలెను. వచ్చు 2,250 రూపాయలను రేటుగా వ్రాయవలెను. దరఖాస్తులో చదరపు మీటర్లడిగినచో, ఒక చదరపు మీటరు 10.76 చదరపుటడుగులు, 800 చదరపుటడుగులు సుమారు 74.3 చదరపు మీటర్లగును. మందపు గోడలును పెద్ద వసారాలును గల పల్లెటిండ్లకు ఈ భేదము పట్టణపు ఫ్లాట్లకంటె నెక్కువ.

రేటులో ఏమేమి చేర్చవలెనో కూడ చూడవలెను. నల్లరేగడి నేలలో పునాదికి అయ్యెడు ఖర్చు ఎఱ్ఱనేలలోవలె నుండదు. తలుపులు, కిటికీలు, కరెంటు తీగెలు, గచ్చు, రంగు చేర్చవలెను. ప్రహరీగోడ, గేటు, నీటి ట్యాంకు, మేడపై సౌరఫలకములు, విడిగానున్న వంటయిల్లు మొదలైన వాటిని మఱువక పేరుపేరున చెప్పి చేర్పించవలెను. చెప్పనివి లెక్కకు రావు. స్థలపు విలువను మాత్రము చేర్పరాదు. నేల కాలదు, కూలదు. దానికి ప్రీమియము కట్టుట వృథా. టేకు స్తంభములు, దూలములు గల మండువా లోగిళ్ల యజమానులు మఱింత శ్రద్ధ వహింపవలెను. నేటి ధరకు అట్టి కలప కొని అట్టి యిల్లే కట్టవలెనన్నచో అయ్యెడు ఖర్చు డాబా రేటుతో పోలదు. అట్టివారు ఇంజనీరుచే ఎస్టిమేటు వ్రాయించి దానినే కంపెనీకి చూపుట యుత్తమము. కప్పు తాటాకుదో, గడ్డిదో, గోడ వెదురుతడికయో అయినచో ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. అట్టి కట్టడములను కంపెనీలు కచ్చా కట్టడములుగా వేఱుపఱచును. పూరికప్పును పెంకులని వ్రాయించి ప్రీమియములో నాలుగు రూపాయలు మిగుల్చుకొన్నవాడు క్లెయిము నాడు పాలిసీనే పోగొట్టుకొనును.

ధరలు నిలుకడగా నుండవు గదా, నేటి 18 లక్షలు ఐదేండ్లకు చాలునా యను ప్రశ్న కలుగును. ఈ పాలిసీని పదేండ్ల వఱకు ఒకేసారి తీసికొనవచ్చును. అట్లు తీసికొన్నపుడు ఇంటి మొత్తము, మొదట వ్రాసినదానిలో నూటికి 10 చొప్పున ఏటేట తనంతట పెరుగును. దానికి వేఱుగ ప్రీమియము లేదు. 18 లక్షలు ఏటికి లక్షా ఎనుబది వేలు పెరిగి ఐదేండ్లు నిండునప్పటికి 27 లక్షలగును. మొత్తముమీద మొదటిదానికి రెట్టింపు కంటె మించదు. ఏడాది పాలిసీలు తీసికొనువారు రెన్యూ చేయునప్పుడెల్ల మేస్త్రిని రేటడిగి మొత్తమును సరిచేసికొనవలెను. ఇల్లు పెంచినను, పై యంతస్తు వేసినను వెంటనే కంపెనీకి వ్రాయవలెను.

ఇంటిలోని సామాను సంగతి క్లుప్తముగా చెప్పుదుము. ఇంటి మొత్తములో నూటికి 20 వంతు, 10 లక్షలకు మించకుండ, గృహోపకరణములకు తనంతట వర్తించును. 18 లక్షల యింటికి 3 లక్షల 60 వేలు. ఎక్కువ కావలసినవారు జాబితా యిచ్చి పెంచుకొనవచ్చును. వీటికిని పాతదానికి కొత్తదాని వెలయే లెక్క. నగలు మొదలైన విలువైన వస్తువులు విడిగా చేర్పించినగాని చేరవు. కరెంటు ఎక్కువై టీవీయో ఫ్రిజ్జో తానే కాలిపోయినచో ఆ వస్తువునకు రాదు. పశువులు, చేనిలోని పైరు, మోటారు వాహనములు ఇంటి సామానులో చేరవు. వాటి భీమాలు వేఱు. కల్లములోని గడ్డివామిని, వ్యాపారమునకు నిలువచేసిన ధాన్యమును ఇంటి పాలిసీ కాపాడునని తలంచుట పొరపాటు.

బ్యాంకు అప్పుతో కట్టినవారికి ఒక హెచ్చరిక. అప్పిచ్చునపుడు బ్యాంకు చేయించు భీమా కొన్నిచోట్ల అప్పు మొత్తమునకే యుండును. ఇల్లు 18 లక్షలది, అప్పు 6 లక్షలది యైనచో, ఆ 6 లక్షల పాలిసీ బ్యాంకును కాపాడును గాని మిమ్ము కాపాడదు. ఇల్లు పోయిననాడు ఆ పైకము అప్పు ఖాతాకు జమయగును. మీకు మిగులునది ఖాళీస్థలము. పాలిసీ నకలును బ్యాంకునడిగి తెచ్చుకొని, మొత్తము ఎంతయో, భీమాదారు పేరు ఎవరిదో చూడవలెను. తక్కువైనచో పెంచమని వ్రాతమూలముగా కోరవలెను.

పేరు విషయమును చెప్పుదుము. మన గ్రామములలో పెక్కు ఇండ్లు గతించిన తండ్రి తాతల పేరనే యుండును. గ్రామకంఠపు స్థలములలో ఇంటిపన్ను రసీదు తప్ప కాగితము లేనివి అనేకము. భీమా చేయించువానికి ఆ యింటిపై చట్టసమ్మతమైన ప్రయోజనము ఉండవలెను. అన్నదమ్ములు పంచుకొనని యింటికి ఒకడు తన పేరనే పాలిసీ తీసికొన్నచో క్లెయిమునాడు తగవు పుట్టును. పన్ను రసీదును వారసుల పేరునకు మార్పించుకొని, వాటాదారులందఱి పేర్లును పాలిసీలో చేర్పించుట మంచిది.

నష్టము జరిగిన పిమ్మట చేయవలసినది చెప్పుదుము. మొదట కంపెనీకి ఫోనుచేసి, వెంటనే వ్రాతపూర్వకముగను తెలుపవలెను. అగ్నియైనచో అగ్నిమాపక శాఖవారి రిపోర్టు, తుపాను వఱదలైనచో గ్రామ రెవిన్యూ అధికారి పంచనామా సంపాదింపవలెను. సర్వేయరు వచ్చి చూచువఱకు కూలిన గోడలను, తడిసిన సామానును తొలగింపరాదు. ప్రాణభయము కలిగించు భాగమును తీయక తప్పనిచో ముందు నలువైపుల ఫోటోలు తీసి యుంచవలెను. వఱద తీసిన వెంటనే గోడ నిలిచియున్నదని క్లెయిము వదలుకొనరాదు. మట్టిగోడలు నీరు పోయిన కొన్ని దినములకు కూలుట మన మెఱిగినదే. పునాదిలో నీరు నిలిచిన ఆనవాలును గోడపై గీతగీసి ఫోటో తీయుడు. సర్వేయరు కొలతలు వేయునపుడు యజమాని ప్రక్కననుండి వసారా, ప్రహరీ, వంటయిల్లు చూపవలెను. అతడు తఱుగు తీయబోయినచో, పాలిసీలోని పునర్నిర్మాణపు షరతును చూపి కారణమడుగుటకు సభ్యునకు హక్కు కలదు.

కంపెనీ త్రోసివేసినను, తక్కువ యిచ్చినను కోర్టుకే పోనక్కఱలేదు. మొదట కంపెనీ ఫిర్యాదుల యధికారికి వ్రాయవలెను. నెలదినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తిగా లేకున్నను హైదరాబాదులోని ఇన్సూరెన్సు ఆంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును ఆయన పరిధిలోనివే. రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. కంపెనీ కడపటి జవాబు వచ్చిన ఏడాదిలోపల దరఖాస్తు పెట్టవలెను. పాలిసీ, సర్వేయరు రిపోర్టు నకలు, మేస్త్రి బిల్లులు, ఫోటోలు దానికి జతపఱుపవలెను. సర్వేయరు రిపోర్టు నకలును కంపెనీ తనంతట పంపనిచో, అడిగి తెప్పించుకొనుడు. తఱుగు ఎంత తీసిరో ఆ కాగితములోనే యుండును.